ప్రేమ్‌రాజ్ అతికించని మూడు తోకలు

ప్రేమ్‌రాజ్ చేతి పని నమ్మదగింది కాదని మా కాలేజీ ఫైల్లో ఒక కాగితం ఉంది. దాన్ని టైపు చేసింది నేనే. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేకుండా చేశాను, నా మొహానికి అదొక గొప్ప. ఇప్పుడు నిజం రాద్దామని కూర్చున్నాను. ఆ చేతులు తప్పు చేయడం ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు, కాబట్టి ముందు ఆయన సంగతే చెప్తాను.

ఆయనది ధూల్‌పేట్. తాతల నాటినుంచి వినాయకులను చేసే ఇల్లు. నా పేరు షారోన్, ఉండేది కిషన్‌బాగ్. పురానాపూల్ దగ్గర్లో ఒక పాత కాలేజీలో, జువాలజీ విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుని. కాంట్రాక్టు ఉద్యోగం. మా విభాగం పెద్ద శ్రీరామమూర్తి సార్ సంతకం పెడితేనే మళ్ళీ ఇంకో ఏడాది. నేనెందుకు నోరు మూసుకున్నానని తర్వాత అడుగుతారేమో, జవాబు ఇక్కడే ఉంది. దాన్ని సాకు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

సార్‌ది రాజమండ్రి వైపు. పొట్ట తెరిస్తే లోపలి భాగాలన్నీ కనిపించే కప్ప బొమ్మ ఒకటి క్లాసుకు కావాలని 2002లో ధూల్‌పేట్ గల్లీల్లోకి వెళ్ళాడు. అక్కడ ఒక అరుగు మీద ప్రేమ్‌రాజ్ గణపతి కాళ్ళ దగ్గరి ఎలుకకు మీసాలు గుచ్చుతున్నాడట. చీపురుపుల్లను చీల్చి, చీల్చినదాన్ని మళ్ళీ చీల్చి, ఒక్కో మీసాన్ని వెంట్రుకంత చేసి గుచ్చుతున్నాడు. సార్ అరగంట నిలబడి చూసి, "ఇంతకంటే సన్నటి మీసాలు చూపిస్తాను, నాతో వస్తావా?" అని అడిగాడు. అలా ఆయన మా విభాగంలో అటెండరుగా చేరాడు. ఈ ముచ్చట ప్రేమ్‌రాజ్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కే లేదు. చెప్పిన ప్రతిసారీ, "సార్ కప్పను కొననీకి వచ్చి నన్ను కొనుక్కపోయిండు చెల్లె" అని పడీపడీ నవ్వేవాడు.

ఆ సన్నటి మీసాలు చిమ్మటలవి. మా కాలేజీలో పాతకాలపు కీటకాల గది ఒకటుంది. గాజు మూతల చెక్క పెట్టెలు, గుప్పుమనే నాఫ్తలీన్ వాసన. సార్ జీవితమంతా చదివింది హాక్‌మాత్‌లు అనే చిమ్మటలను. చిమ్మట అనగానే దీపం చుట్టూ గిరికీలు కొట్టేదే గుర్తొస్తుంది కానీ, వీటిలో కొన్ని పట్టపగలే తిరుగుతాయి. పువ్వు మీద వాలవు. పువ్వుకు ఎదురుగా గాలిలో నిలబడి, పొడుగాటి నాలుక చాచి తేనె తాగుతాయి. చూసినవాళ్ళు తేనెపిట్ట అనుకుని ఫోను తీస్తారు. ప్రేమ్‌రాజ్ మాత్రం వాటిని పర్వానాలు అనేవాడు.

చిక్కేమిటంటే వీటిలో దగ్గరి రకాలు అచ్చం ఒకేలా ఉంటాయి. ముందు రెక్క గోధుమరంగు, వెనక రెక్క మీద పసుపు పట్టీ. ఒక రకానికి రెక్క మీది గీత తిన్నగా పోతుంది, ఇంకో రకానికి కాస్త వంగుతుంది. నాలుగు రోజులు ఎగిరాయంటే రెక్కల పొడి రాలిపోయి ఆ గీత కూడా మిగలదు. అప్పుడిక తేల్చేది తోకే. మగ చిమ్మట తోక చివర చిన్న చిన్న కొక్కేలుంటాయి, రకానికి ఒక తీరు. తోక విడదీసి మందులో నానబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఆ కొక్కేలను చూస్తే ఇక వాదన ఉండదు. రెక్క మోసం చేయొచ్చు కానీ తోక చేయదని సార్ క్లాసులో బల్లగుద్ది మరీ చెప్పేవాడు.

ప్రేమ్‌రాజ్‌కు తోకదాకా పోవాల్సిన పనే ఉండేది కాదు. ఆయన వాటిని గొంగళిపురుగులప్పటినుంచీ ఎరుగు. ఒక రకం తొగరు చెట్టు ఆకు తింటుంది. ఇంకో రకం, నలిపితే కుళ్ళు కంపు కొట్టే ఒక తీగ ఆకు తింటుంది. రెండు గొంగళ్ళూ పచ్చగానే ఉంటాయి, రెండింటికీ వెనక ఒక కొమ్ము ఉంటుంది. ఒకదాని కొమ్ము కొస నీలం, రెండోదాని కొస మట్టిరంగు. ఈ సంగతి ప్రేమ్‌రాజ్ కనిపెట్టిన రెండేళ్ళకు గానీ సార్ నమ్మలేదు. "పెద్దగైనంక ఒకటే వేషం ఏస్తయి గని చెల్లె, చిన్నప్పుడు దాచుకోనీకి రాదు వాటికి" అనేవాడు.

మూసీ ఒడ్డున, పాత గోరీల గోడల వెంట తిరిగి ఆ గొంగళ్ళను ఏరుకొచ్చేవాడు. మేడ మీద వెదురు గంపలకు దోమతెర కట్టి, రోజూ ఆకు మారుస్తూ పెంచేవాడు. ఆయన భార్య సక్కుబాయికి ఒళ్ళు మండిపోయేది. "మందికి మేడ మీద పావురాలు ఉంటయి, కోళ్ళు ఉంటయి. మా ఇంట్ల పురుగులు! బట్టలు ఆరేసుకోనీకి గూడ జాగ లేదు. పురుగులకు ఆకు మార్చిండు గని, ఈనె అంగీ మార్చుకున్నడా అడుగు షారోనమ్మా" అని నాతో లొల్లి పెట్టేది. అంటూనే, ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆకు మార్చేది ఆవిడే. ఆ మాట ఆయనకు చెప్పొద్దని నాకు ఒట్టు వేయించింది.

చిమ్మట బయటికొచ్చి రెక్కలు ఆరాక, దాన్ని సూదికి గుచ్చి, రెక్కలు సరిచేసి ఆరబెడతారు. అదే సూదికి కింద దాని ఖాళీ గూటి పెంకు గుచ్చుతారు. దాని కింద గోరంత కాగితం. దొరికిన చోటు, తేదీ, తిన్న మొక్క, చివర సేకరించినవాడి పేరు. మొదటి చిమ్మటకు సార్ "సేకరణ: ప్రేమ్‌రాజ్, ధూల్‌పేట్" అని తన చేత్తో రాసిచ్చాడు. మర్నాడు ప్రేమ్‌రాజ్ సక్కుబాయికి పట్టుచీర కట్టించి కాలేజీకి తీసుకొచ్చాడు, ఆ కాగితం చూపించడానికి. భూతద్దం పెట్టి చూపిస్తే, ఆవిడ "గింతేనా?" అంది. మేమందరం నవ్వాం.

ఆయన నవ్వలేదు. "మా బొమ్మలు పదకొండు దినాలు ఉంటయి, నీళ్ళల్ల పోతయి. ఎవ్వడు చేసిండో ఎవ్వనికి ఎర్క? మా నాయన వెయ్యి గణపతులు చేసి ఉంటడు, ఒక్కదాని మీద గూడ పేరు లేదు. ఇది నేను పోయినంక గూడ ఉంటది" అన్నాడు. అలా ఆయన పేరుతో ఇరవై రెండేళ్ళలో నాలుగువందల పన్నెండు చిమ్మటలు నిలిచాయి. గొంగళినుంచి పెంచినవి కాబట్టి ఏది ఏ రకమో అనుమానమే లేదు. మూడు రాష్ట్రాలనుంచి పరిశోధకులు తమవాటిని తెచ్చి వీటి పక్కన పెట్టి పోల్చుకునేవారు.

ఇక తోకల సంగతి. ఎండిన చిమ్మటకు తోక ఇట్టే ఊడిపోతుంది. ఊడితే ఏం చేయాలన్నదానికి మా గదిలో గట్టి నియమం ఉంది. అతికించకూడదు. చిన్న గొట్టంలో వేసి అదే సూదికి గుచ్చాలి. తోక పోయిందనుకోండి, "తోక లేదు" అని చీటీ రాసి పెట్టాలి. ఒకదాని తోక ఇంకోదానికి అంటిందా, లోకంలో లేని ఒక రకం పుట్టుకొస్తుంది. ఈ నియమం సార్ మొదటిరోజే చెప్పాడు. ధూల్‌పేట్‌లో దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ గణపతి వేలు విరిగితే, కొనేవాళ్ళు వచ్చేలోపు అతుకు కనబడకుండా అతికించడమే పనితనం. విరిగిన వేలుతో బొమ్మ ఇవ్వడం తప్పు, అపశకునం కూడా.

"మరి చేతికి అలవాటైపోయింది గదా అన్నా, ఇక్కడెట్ల ఊకుంటున్నవ్?" అని ఒకసారి అడిగాను.

"మట్టికి మట్టి అతుకుతది. ఎవ్వరి మట్టైతేంది. దీని తోక దీనిదే. ఇంకోదానిది పెడితే దీన్ని మళ్ళొకపారి చంపినట్టు" అన్నాడు.

2022 వానాకాలంలో ఆ కంపు తీగ మీద పెరిగిన మూడు మగ చిమ్మటలు కాస్త తేడాగా వచ్చాయి. రెక్క మీది గీత తిన్నగానూ లేదు, వంగీ లేదు, మధ్యలో తెగింది. సార్ కళ్ళు మెరిశాయి. రిటైర్మెంటుకు రెండున్నరేళ్ళు ఉంది. ఇన్నేళ్ళు చదివి కొత్త రకం ఒక్కటి కూడా తన పేరున లేదని ఆయనకు లోలోపల ఒక మంట. అది నాకు తెలుసు. ప్రేమ్‌రాజ్ మాత్రం, "వానకు గట్లొస్తయి సార్, పోయినేడు గూడ ఒకటొచ్చింది" అన్నాడు. సార్ వినిపించుకోలేదు.

తర్వాత వినాయక చవితి పనికి ప్రేమ్‌రాజ్ ఎప్పట్లాగే నెల సెలవు పెట్టాడు. తేమకు పెట్టెలోకి పురుగు చేరింది. ఆయన తిరిగొచ్చేసరికి ఆ మూడింటికీ తోకలు తినేసింది. తలపట్టుకుని కూర్చున్నాడు పాపం. నియమం ప్రకారం మూడింటికీ "తోక లేదు" అని చీటీలు రాసి గుచ్చాడు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ, టిఫిన్ డబ్బా మర్చిపోయి కీటకాల గదికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. సార్ ఆ మూడింటినీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన జిగురు ట్యూబు, ఇంకోవైపు అరకునుంచి ఎవరో పంపిన పాత తోకల డబ్బా. ఒక తోక తీసి పెట్టి చూశాడు. లావైంది. తీసేశాడు. ఇంకొకటి పెట్టి చూశాడు. చెప్పుల షాపులో సైజు చూసుకున్నట్టు నాలుగు తోకలు మార్చి, ఐదోది అతికించాడు. నేను డబ్బా తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను. ఆ రోజు అన్నం తినలేదు, అంతకు మించి ఏం చేయనూ లేదు.

ఆ తోకలను ప్రేమ్‌రాజ్ చూడకుండా ఉంటాడా! రెండు రోజుల్లో చూశాడు. "సార్, వీటికి తోకలు లేకుండె గదా?" అని నా ముందే అడిగాడు.

"పెట్టె అడుగున దొరికాయి ప్రేమ్‌రాజూ. వాటివే. నేనే అతికించానులే" అన్నాడు సార్, తలెత్తకుండా.

"మంచిగైంది సార్" అన్నాడు ఆయన. అంతే! సార్ చెప్పాడంటే ఇక అడిగేదేముంది? ఇరవై ఏళ్ళు ఆయన లోకంలో సార్ మాటకు పైన మాట లేదు. సార్ ఒక తోకను విడదీసి, కొక్కేల బొమ్మ గీసి, కొత్త రకం దొరికిందని వ్యాసం అచ్చేయించాడు. కాలేజీలో శాలువా కప్పారు. ప్రేమ్‌రాజ్ అందరికీ లడ్డూలు పంచాడు.

2024 జులైలో బెంగళూరునుంచి సుచరిత గారని ఒక శాస్త్రవేత్త వచ్చింది. మెల్లగా మాట్లాడే మనిషి, కళ్ళు మాత్రం సూదులు. తోక విడదీయని మిగిలిన రెండింటినీ సూక్ష్మదర్శిని కింద చాలాసేపు చూసి, తోక మొదట్లో నడుము చుట్టూ మెరుస్తున్నదేమిటని అడిగింది. ఒక కాలు, ఒక తోక ముక్క పరీక్షకు తీసుకెళ్ళింది. నెలకు ఉత్తరం వచ్చింది. కాలు ఒక రకానిది, తోక వేరే రకానిది. ఈ తోకలు అతికించింది ఎవరో రాతపూర్వకంగా చెప్పాలి. ఎవరని తేలితే, వాళ్ళ చేత్తో తయారైన నమూనాలన్నీ ఇకమీదట పోలికకు వాడకుండా పక్కన పెట్టాలి.

ఉత్తరం ముందు చదివింది నేను. ఆవిడ తప్పేం లేదు, శాస్త్రంలో పద్ధతే అది. ఒకచోట చెయ్యి అబద్ధం ఆడితే ఆ చెయ్యి ముట్టినదేదీ నమ్మరు. సార్ తన జన్మలో ఒక్క చిమ్మటను సూదికి గుచ్చలేదు. ఆయన ఒప్పుకుంటే పోయేవి ఆ మూడే, దాంతోపాటు ఆయన పరువు. ప్రేమ్‌రాజ్ ఒప్పుకుంటే నాలుగువందల పన్నెండూ పోతాయి. ఇంత తేటగా ఉంది లెక్క.

సార్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "చూడమ్మా షారోన్, మన ప్రేమ్‌రాజ్ మంచితనంతో అతికించి ఉంటాడు. వాళ్ళ ఇంటి పనే అది కదా. ఊడింది కనబడితే చెయ్యి ఊరుకోదు. ఎవరూ అతన్ని తప్పుపట్టరు, అటెండరుకు ఏం తెలుస్తుందంటారు. అదే నా మీదికొస్తే, నా దగ్గర పరిశోధన చేసిన పిల్లల డిగ్రీలన్నీ ప్రశ్నల్లో పడతాయి. నువ్వే వెళ్ళి సంతకం తీసుకురా. నీ మాట కాదనడు."

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. బల్ల మీద నా కాంట్రాక్టు ఫైలు తెరిచి ఉంది. ఊరికే తెరిచి ఉంది, దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అంత తెలివైనవాడు. అతికించింది నేనేనని మీరే నా ముందు అన్నారు, ఆ మధ్యాహ్నం అతికించడం నేను చూశాను కూడా సార్ అని నాలుక చివరదాకా వచ్చింది. మింగేశాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ధూల్‌పేట్‌లో చవితి పని ముమ్మరంగా ఉంది. గల్లీ అంతా రంగు వేయని వినాయకులే, ఆటో కూడా దూరడం లేదు. ప్రేమ్‌రాజ్ ఒక బొమ్మకు కళ్ళు దిద్దుతున్నాడు. నన్ను చూసి కుంచె కింద పెట్టి, "రా చెల్లె, ఏందిట్లొచ్చినవ్? ఓ సక్కూ, చాయ్ పెట్టు" అని స్టూలు తుడిచి వేశాడు. సార్ చెప్పమన్నది చెప్పి, ఆ తోకలు అతికించింది ప్రేమ్‌రాజేనని రాసిన కాగితం ఇచ్చాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"మరి నేను అతకలే గద?" అన్నాడు.

"సార్ మీదికొస్తున్నది అన్నా."

"సార్ గూడ కావాలని చేసుండడులే. పెట్టెల దొరికిన తోకలు వీటివే అనుకున్నడు, పొరపాటైంది. పెద్దమనిషి, ఇప్పుడు మొకం ఎట్ల చూపెట్టుకుంటడు?" అని తనే సర్దిచెప్పుకున్నాడు. నేను చూసింది చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. చెప్పలేదు.

పెన్ను తీసుకుని ఆగాడు. "ఈ మూడింటికే గద చెల్లె? నా మిగిలిన పర్వానాలకు ఏం కాదు గద?"

బెంగళూరు ఉత్తరం నా సంచిలోనే ఉంది. నా మోకాలికి తగులుతూ ఉంది.

"ఏం కాదన్నా. ఈ మూడింటికే" అన్నాను.

సంతకం పెట్టాడు. సక్కుబాయి చాయ్ తెచ్చింది. తాగాను. గ్లాసు కడిగి ఇస్తానంటే, "ఊకో చెల్లె, మనింట్ల గీ పనులేంది" అని లాక్కున్నాడు.

ఆయన సెలవులో ఉండగానే అంతా అయిపోయింది. సార్ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, సహాయక సిబ్బంది పొరపాటు వల్ల ఇలా జరిగిందని హుందాగా ఉత్తరం రాశాడు. స్టాఫ్ మీటింగులో, "మా ప్రేమ్‌రాజ్ మనసు వెన్న, చెయ్యే తొందరపడింది" అంటే అందరూ సానుభూతిగా తలలూపారు. విగ్రహాలు చేసేవాళ్ళ చెయ్యి కదా అని ఎవరో అన్నారు. సార్ నిజాయితీని మెచ్చుకున్నారు కూడా! తర్వాత ప్రిన్సిపాల్ ఉత్తర్వు, నేను టైపు చేసిన ఆ కాగితం. ప్రేమ్‌రాజ్ తయారుచేసిన నమూనాలన్నిటికీ, "నిర్ధారణకు పనికిరాదు" అని రాసిన ఎర్ర చీటీ గుచ్చాలి. ఆ చీటీలు అచ్చు తీసి, గోరంత ముక్కలుగా కత్తిరించిందీ నేనే. నా కాంట్రాక్టు అదే వారం రెన్యువల్ అయింది.

నిమజ్జనం అయిన మూడోరోజు ప్రేమ్‌రాజ్ డ్యూటీకి వచ్చాడు. గోళ్ళ సందుల్లో ఇంకా రంగు ఉంది. కీటకాల గదిలో ఇద్దరు పీజీ పిల్లలు పెట్టెలు తెరిచి, చిమ్మటలను లాగి చీటీలు గుచ్చుతున్నారు. బల్ల మీద ఒక మీసం విరిగి పడి ఉంది. ఆయన ముందు ఆ మీసాన్నే చూశాడు. ఎర్ర చీటీ చదివింది ఆ తర్వాత.

నేరుగా సార్ గదికి వెళ్ళాడు. వరండాలో నాకు వినబడుతూనే ఉంది.

"సార్, మూడింటికే అన్నరు. గివన్ని ఎందుకు సార్? నేను పెంచినయి. గొంగళ్ళప్పటిసంది పెంచినయి. మీరు చూసిన్రు గదా!"

"అది శాస్త్ర నియమం ప్రేమ్‌రాజూ. నా చేతుల్లో ఏముంది? నువ్వు సంతకం పెట్టావు కదా."

"మీకోసం పెట్టిన సార్."

సార్ ఫోను తీసి ఎవరికో డయల్ చేస్తున్న చప్పుడు వినబడింది. ప్రేమ్‌రాజ్ బయటికి వచ్చాడు. ఏడుస్తాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. కాలేజీ అంతా వినేది, నాకూ నోరు పెగిలేదేమో. తిన్నగా కీటకాల గదికి వెళ్ళి పిల్లల చేతుల్లోంచి పట్టకారు తీసుకున్నాడు. "మీరు పోన్రి బిడ్డా. మీరు పెడితె ఇరుగుతయి. నేనే పెడ్త" అన్నాడు.

మూడు రోజులు పట్టింది. తన పేరున్న ప్రతి చిమ్మటనూ తనే తీశాడు. పాత కాగితం కింద ఎర్ర చీటీ గుచ్చాడు, రెక్కకు తగలకుండా, మీసం కదలకుండా. మళ్ళీ వరసలో నిలబెట్టాడు. నేను పక్కన కూర్చుని చీటీలు ఒక్కొక్కటే అందించాను. ఎవరూ చెప్పలేదు, నేనే వెళ్ళి కూర్చున్నాను. కొన్నింటి దగ్గర ఆయన చెయ్యి ఆగేది. ఒకదాని దగ్గర, "ఇది సక్కు ఆకు మార్చింది" అన్నాడు తనలో తనే. ఆవిడ దాచిందంతా ఆయనకు ముందే తెలుసన్నమాట.

మూడోరోజు మధ్యాహ్నం చివరి పెట్టె తెరిచాడు. ఒక చిమ్మటను వెలుతురుకు పట్టుకుని చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"సంతకం నాడు నేను నిన్ను అడిగిన. మిగిలినయాటికి ఏం కాదు గద అని. అప్పటికే నీకు ఎర్కనా?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. సార్ నాకు చెప్పలేదన్నా, నన్ను కూడా మోసం చేశాడన్నా. ఆ మాట అంటే ఆయన నమ్మేవాడు. నన్ను క్షమించేవాడు కూడా, నాకు తెలుసు.

"ఎర్కనే అన్నా" అన్నాను. "సార్ అతికించేటప్పుడు గూడ చూసిన. తోక మార్చి మార్చి అతికిచ్చిండు. పొరపాటు కాదది."

చిమ్మట ఆయన వేళ్ళ మధ్య అలాగే ఉంది. కళ్ళు దాని మీదే ఉన్నాయి. బయట బెల్లు కొట్టారు, పిల్లలు క్లాసులు మారారు, వరండా మళ్ళీ నిశ్శబ్దమైంది.

తర్వాత ఎడమ చెయ్యి నా వైపు చాచాడు.

"చీటీ ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను. దాన్ని గుచ్చి, చిమ్మటను దాని చోట నిలబెట్టి, మళ్ళీ చెయ్యి చాచాడు. ఇంకా నూట ఆరు ఉన్నాయి. ఒక్కొక్కటే అందించాను.